బండి లాగడం లేదా? ముందు ఫిల్టర్లు చూడండి

అన్నలకూ తమ్ముళ్లకూ నమస్కారం. మొన్న రాజాం నుంచి చీపురుపల్లికి మొక్కజొన్న బస్తాలతో వస్తుంటే నా బండి మొరాయించింది. నిలబెట్టి రేస్ ఇస్తే బాగానే ఉంది. లోడుతో మూడో గేరులో పడేసరికి గుటకలు మింగినట్టు ఆగి ఆగి లాగుతోంది. ఇంజనుకి డీజిల్ పంపే పంపు పోయిందన్నాడు ఒక మెకానిక్. ఖర్చు ఎంతో చెప్పాక టెన్షన్‌తో ఆ రాత్రి అన్నం దిగలేదు.

తీరా చూస్తే డీజిల్ ఫిల్టర్! కింది స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి పట్టాను. పైన డీజిల్, అడుగున రెండు వేళ్ల మందం నీళ్లు, వాటి కింద మడ్డి. కొత్తది వేసి, డీజిల్ లైన్లో గాలి బుడగలు పోయేదాకా బండికుండే చిన్న చేతిపంపు కొడితే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది.

నల్లపొగ వస్తూ మైలేజీ పడిపోతే ఎయిర్ ఫిల్టర్‌ని అనుమానించండి. పొగ లేకుండా లోడులోనే నీరసిస్తే ముందు డీజిల్ ఫిల్టర్ చూడండి. గరివిడి మాంగనీసు దుమ్ములో తిరిగే బండ్లకు ఎయిర్ ఫిల్టర్ పుస్తకంలో రాసిన గడువు దాకా ఆగదు. విప్పి లోపల టార్చి పెట్టండి, వెలుగు బయటికి రాకపోతే మార్చేయడమే. గాలి కొడితే తక్కువ ప్రెషర్‌తో, లోపలి నుంచి బయటికి కొట్టాలి. పేపర్ ఫిల్టర్‌ని నీళ్లలో ఉతికే మహానుభావులు మన గ్రూపులోనే ఉన్నారు, పేర్లు చెప్పను.

డీజిల్ ఫిల్టర్‌ని మాత్రం ఊది మళ్లీ వేయొద్దు. వానాకాలంలో రాత్రిళ్లు ట్యాంకు ఖాళీగా ఉంచకండి, లోపల తేమ పట్టి నీళ్లవుతుంది.

శనివారం సామాన్లకి విజయనగరం వెళ్తున్నాను. ఫిల్టర్ కావాల్సినవాళ్లు పాతదాని మీది నంబరు ఫొటో తీసి పెట్టండి.