న్యూరో వార్డు గురించి అమ్మలుకి

అమ్మలూ,

న్యూరో (నరాల జబ్బుల) వార్డులో ఫిజియోథెరపీ ట్రైనింగ్ వద్దనిపిస్తోందనీ, ఎంత చేసినా అక్కడివాళ్లకు జబ్బు తగ్గదనీ, స్పోర్ట్స్ ఫిజియోకి మారిపోతాననీ నిన్న ఫోన్లో అన్నావు. ఇలాంటివి మాటల్లో కంటే ఉత్తరంలోనే నింపాదిగా చెప్పుకోవచ్చు.

రగ్బీ ఆటగాడు రాబ్ బర్రో ఆడే రోజుల్లో నువ్వు చిన్నపిల్లవి. మన లీడ్స్‌లో హెడింగ్లీ స్టేడియం అనగానే మనవాళ్లకు క్రికెట్టే గుర్తొస్తుంది. అక్కడి క్రికెట్ స్టాండుకు రెండో వైపున్న రగ్బీ లీగ్ మైదానంలో ఆయన ఆట చూడాల్సింది. జట్టుకి 13 మంది, చాలామంది వంద కిలోల వస్తాదులు. బర్రో ఐదడుగుల ఐదంగుళాల మనిషి. ఈ ఆటకి పనికిరాడన్నవాళ్లు ఎందరో. ఆయన మాత్రం 2001 నుంచి 2017 దాకా లీడ్స్ రైనోస్ ఒక్క క్లబ్బుకే 492 మ్యాచ్‌లు ఆడాడు, ఎనిమిదిసార్లు సూపర్ లీగ్ (ఇక్కడి పెద్ద రగ్బీ లీగ్ పోటీ) గెలిచాడు.

2011 ఫైనల్ మాంచెస్టర్ ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానంలో, సెయింట్ హెలెన్స్ జట్టు మీద. సబ్‌స్టిట్యూట్‌గా దిగి, బంతి అందుకుని, పట్టుకోబోయినవాడి చేతుల కిందనుంచి దూరిపోయి, ఇక ఎవరికీ చిక్కకుండా పరిగెత్తి, బంతిని అవతలి గీత దాటించి నేలకి ఆనించి ‘ట్రై’ పాయింట్లు తెచ్చాడు. ఆ పరుగు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఉత్తమ ఆటగాడి అవార్డుకి ఓట్లన్నీ ఆయనకే పడ్డాయి.

ఆట మానేసిన రెండేళ్లకి, 2019 డిసెంబరులో, మోటార్ న్యూరాన్ డిసీజ్ (ఎంఎన్‌డీ) అన్నారు, కండరాల్ని కదిలించే నరాలు క్రమంగా పాడైపోయే జబ్బు. వయసు 37. అది మనిషిని ఏం చేస్తుందో నీకు నేను చెప్పక్కర్లేదు. మాట పూర్తిగా పోకముందే గొంతు రికార్డు చేయించుకున్నాడు. తర్వాత కంటిచూపుతో నడిచే కంప్యూటర్ ద్వారా ఆ గొంతుతోనే మాట్లాడాడు. 2022లో టీవీలో చిన్నపిల్లలకు నిద్రపోయేముందు కథ కూడా చదివాడు.

ఆయన భార్య లిండ్సే ఫిజియోథెరపిస్టేనని నీకు తెలుసా? ముగ్గురు పిల్లల్ని పెంచుతూ, ఉద్యోగం చేస్తూ, ఆయన్ని చూసుకుంది. 2023 లీడ్స్ మారథాన్‌లో పాత కెప్టెన్ కెవిన్ సిన్‌ఫీల్డ్ ఆయన్ని వీల్‌చైర్‌లో తోసుకుంటూ పరిగెత్తి, చివర్లో చేతులమీద ఎత్తుకుని గీత దాటించాడు. అందరూ ఆ దృశ్యమే చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ మనిషిని అంతసేపు కుర్చీలో నొప్పి లేకుండా కూర్చోబెట్టడం వెనక ఎవరి పనితనం ఉందో అనిపిస్తుంది.

2024 జూన్ 2న పోయాడు, 41 ఏళ్లకి. మర్నాడే సీక్రాఫ్ట్ ఆస్పత్రిలో ఆయన పేరుతో ఎంఎన్‌డీ కేంద్రానికి ఆయన తల్లిదండ్రుల ముందు పని మొదలైంది. దానికి విరాళాలు అడుగుతున్నప్పుడే తన జబ్బుకి మందు లేదని ఆయనకి తెలుసు.

స్పోర్ట్స్ ఫిజియో తక్కువ పని అని నేననను. అన్నేళ్లు ఆ చిన్న ఒంటిని మళ్లీ మళ్లీ మైదానంలోకి పంపింది వాళ్లే. కానీ అదే ఒంటికి తర్వాత నీ వార్డులో చేసే పని అవసరమైంది. దిండ్లు సర్ది పడుకోబెడితే ఒక పెద్దాయన తెల్లవార్లూ నిద్రపోయాడని పోయినవారం నువ్వే చెప్పావు. తగ్గని జబ్బులో ఒక రాత్రి నిద్ర చిన్న విషయం కాదమ్మా.

ట్రైనింగ్ పూర్తయ్యేదాకా ఉండు. తర్వాత ఏ వైపు వెళ్లినా అమ్మకీ నాకూ సమ్మతమే. ఈలోగా మీ సూపర్‌వైజర్‌తో నీ టెన్షన్ సంగతి విడమరిచి చెప్పు. ఆవిడ ఇన్నేళ్లు అక్కడ ఎలా నిలబడిందో అడుగు. ఏమందో ఆదివారం ఫోన్లో చెప్పు.

ఆశీస్సులతో,
నాన్న