పెద్దల జ్ఞానస్నానం ఒక్కరోజు తంతు కాదు

సంపాదకులకు,

కథోలిక సంఘంలో చేరదలచిన పెద్దలకు ఒక ఆదివారం జ్ఞానస్నానం (బాప్తిస్మం) పేరిట నీళ్లు పోసి పేరు రాసుకుంటే సరిపోతుందన్న మాట మన నగరంలో చదువుకున్నవారి నోట కూడా వినిపిస్తోంది గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచ కథోలిక పీఠాధిపతుల సభ) కోరిన మీదట 1972లో వెలువడిన ప్రవేశ క్రమం ప్రకారం, చేరగోరే వ్యక్తి తన ఇష్టంతో విచారణ గురువును, అంటే స్థానిక చర్చి ఫాదర్‌ను, కలిసి, నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా ఉపదేశం వింటూ సంఘ ప్రార్థనలో పాలుపంచుకోవాలి; ఆ తరువాతే పాస్క (ఈస్టర్) జాగరణ రాత్రి జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (విశ్వాసంలో స్థిరపరిచే తైలాభిషేకం), దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా స్వీకరించే అప్పం) మూడూ కలిపి ఇస్తారు. వేరే సంఘంలో చెల్లుబాటయ్యే జ్ఞానస్నానం పొందినవారికి మళ్లీ ఇవ్వరు.

సికింద్రాబాద్‌లో ఒక సోదరికి జ్ఞానస్నానమప్పుడు నేను జ్ఞానతల్లిగా (విశ్వాసంలో తోడుండే తల్లిగా) నిలబడ్డాను. పాస్క వత్తి (ఆ రాత్రి గుడిలో వెలిగించే పెద్ద కొవ్వొత్తి) నుంచి వెలిగించిన కొవ్వొత్తి ఫ్యాను గాలికి ఆరిపోకుండా ఆమె అరచేయి అడ్డం పెట్టుకున్న తీరు ఇంకా నా కళ్లముందే ఉంది. ఇళ్లలో పనిచేసే ఆమె సాయంత్రం ఉపదేశానికి రావడానికి రెండు బస్సులు మారేది; వారం తప్పినప్పుడల్లా ఎంతో బాధపడేది. ఇలాంటివారి కోసం ఆదివారం పూజ ముగియగానే తెలుగులో ఉపదేశ తరగతి పెట్టాలని నగరంలోని విచారణ గురువులను వేడుకుంటున్నాను.

— ఒక పాఠకురాలు, హైదరాబాద్