వసూకి, ఎయిర్ బ్రేకుల మధ్యలోంచి

ఒసేయ్ వసూ,

తిట్టుకో, ఎంతైనా తిట్టుకో. నువ్వు అంత పెద్ద ఉత్తరం రాస్తే నేను బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నాను. ఇప్పుడు కూర్చున్నది కూడా నీ మీద ప్రేమ పొంగి కాదు. ఈ సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు, అంతే.

ముందు మామూలు వార్తలు. అందరం బాగున్నాం. పిల్ల కాలేజీకి వెళ్ళిపోయింది, ఎప్పుడు ఫోన్ చేసినా "తర్వాత మాట్లాడతా అమ్మా" అంటుంది. కొలంబస్‌లో చలి మొదలైంది. మామగారు వచ్చారు, మార్చి దాకా ఉంటారు. నా మోకాలు ఎలా ఉండేదో అలాగే ఉంది. అయిపోయాయి.

ఇక అసలు సంగతి. నేను స్కూల్ బస్సు డ్రైవర్‌ని అవుతున్నాను.

నవ్వడం అయిందా? కొత్తపేట పాలవాడి సంగతి ఇప్పుడు ఎత్తావంటే ఊరుకోను. అందులో తప్పంతా ఆ లూనాది.

నిజంగానే చెప్తున్నాను. మా స్కూళ్ళవాళ్ళు డ్రైవర్లు కావాలని రోడ్డు పక్కనే బోర్డు పెట్టారు. పొద్దున రెండు మూడు గంటలు, మధ్యాహ్నం రెండు మూడు గంటలు, వేసవిలో సెలవు, నేర్పించేది కూడా వాళ్ళే. కానీ మన కారు లైసెన్స్ చాలదు, కమర్షియల్ లైసెన్స్ ఉండాలి. దానికి ముందు కంప్యూటర్ ముందు కూర్చుని రాతపరీక్ష రాయాలి. అది పాసైతే పర్మిట్ ఇస్తారు, ఇచ్చాక కనీసం 14 రోజులు ఆగితేనే బండి నడిపే పరీక్ష. రాతపరీక్ష ఒక్కటి కాదే. జనరల్‌లో 50 ప్రశ్నలు, 40 కరెక్ట్ కావాలి. ఎయిర్ బ్రేకులకి వేరే 25, అందులో 20 రావాలి. అది రాయకపోయినా, రాసి తప్పినా లైసెన్స్ మీద "ఎయిర్ బ్రేకులున్న బండి తోలరాదు" అని ముద్ర పడుతుంది. ఇవి కాక ప్రయాణికుల బండికి ఒక పరీక్ష, స్కూల్ బస్సుకి ఇంకొకటి.

జనరల్ బట్టీ కొట్టేశాను. ముందు టైరుకి గాడి లోతు అంగుళంలో 32లో 4 వంతులు, మిగతా వాటికి 2 వంతులు. రక్తంలో ఆల్కహాల్ 0.04 శాతం ఉందంటే ఉద్యోగానికి ఎసరే. చూపు పన్నెండు, పదిహేను సెకన్ల దూరం ముందుండాలి. ఇవన్నీ ఇంటర్‌లో బోటనీ చదివినట్టే వచ్చేశాయి. ఐదో చాప్టరు దగ్గర ఆగిపోయాను. ఎయిర్ బ్రేకులు. ఒక్క బొమ్మ, దాంట్లో పాతిక గొట్టాలు.

ఇక మా ఆయన. విషయం చెప్పగానే ఫ్రిజ్ తెరిచాడు, ఏమీ తీయకుండా మూశాడు. "మనకి డబ్బుకి ఇబ్బందా?" అన్నాడు. కాసేపాగి "మనవాళ్ళు అడిగితే ఏం చెప్తావ్?" అన్నాడు. ఎందుకలా అన్నాడో నీకు నేను చెప్పక్కర్లేదు. మామగారు ఆర్టీసీలో డ్రైవరు. ఈయన ఎవరికైనా "నాన్న ఆర్టీసీలో చేసేవారు" అని అక్కడితో ఆపేస్తాడు. వినేవాళ్ళు ఏ డిపో మేనేజరో అనుకుంటే అనుకోనిస్తాడు. పెద్దాయన పక్క గదిలోనే ఉన్నారు ఆ రోజు. విన్నారో లేదో, నేనడగలేదు.

మామగారికి ఇప్పటికీ నాలుగింటికే మెలకువ. మొదటి సర్వీసు అలవాటు. ఒకరోజు నేను కిందికి వచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద నా ఐదో చాప్టరు కాగితాలు పరుచుకుని, కళ్ళజోడు ముక్కు చివరకి దించి, బొమ్మ మీద వేలు పెట్టి గొట్టం వెంట నడుస్తున్నారు.

"అమ్మాయ్, ఇది మన బండే కదమ్మా" అన్నారు.

ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటారు గానీ ఆ బొమ్మకి అక్షరాలతో పనేముంది? ఇది కంప్రెసర్, ఇంజను తిరిగితే గాలి కొడుతుంది. ఇది గవర్నరు, ట్యాంకులో ఒత్తిడి (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని లెక్క) 125 పీఎస్‌ఐ దాకా రాగానే చాలంటుంది, 100కి దిగితే మళ్ళీ కొట్టమంటుంది. (ఇక్కడ నీకు కనకమ్మగారి పప్పు గరిటె గుర్తొచ్చిందని నాకు తెలుసు. నవ్వకు.) నాకు అసలు బుర్రకెక్కనిది స్ప్రింగు బ్రేకు. గాలితో పనిచేసే బ్రేకు గాలి పోతే ఎలా పడుతుంది? ఆయన లేచి వెళ్ళి బట్టల క్లిప్పు తెచ్చారు. రెండు వేళ్ళతో నొక్కి తెరిచి, "నా వేళ్ళు గాలి. నొక్కినంతసేపూ చక్రం వదిలి ఉంటుంది. గాలి పోయిందా..." అని వేళ్ళు తీసేశారు. క్లిప్పు టక్కున నా చీర కొంగు పట్టుకుంది. అంతే వసూ! ఒత్తిడి 55కి తగ్గకముందే హెచ్చరిక మోగాలి. అయినా తోలుకుంటూ పోతే 20కి 45కి మధ్య ఎక్కడో స్ప్రింగులు వాటంతటవే పట్టేసుకుంటాయి. ఆ అంకెలు ఇక చచ్చినా మర్చిపోను.

రోజూ ట్యాంకుల్లో చేరిన నీళ్ళు వదలాలని ఉంటే "మేమూ వదిలేవాళ్ళం" అని మురిసిపోయారు. కానీ ఈ చలిదేశంలో ఆ నీళ్ళు వాల్వుల్లో గడ్డకట్టకుండా కొన్ని బండ్లలో గాలిలోకి ఆల్కహాల్ పంపే ఏర్పాటు ఉంటుందని చదివి చెప్తే ఆయన కళ్ళజోడు తీసేశారు. "డ్రైవరు తాగకూడదు, బ్రేకు మాత్రం తాగొచ్చా?" ఆ రోజంతా అదే మాట తలుచుకుని నవ్వుకుంటూ తిరిగారు.

అన్నీ ఒప్పుకోరు మళ్ళీ. వెనకవాడు అంటుకుని వస్తుంటే ముందు జాగా పెంచుకోవాలంటుంది పుస్తకం. "నరసరావుపేట రోడ్డు మీద జాగా వదిలితే మూడు ఆటోలు దూరతాయి" అంటారు మామగారు. గంటకి 55 మైళ్ళ వేగంలో బండి ఆగడానికి మొత్తం 450 అడుగులు దాటుతుంది, అందులో 32 అడుగులు గాలి గొట్టంలో ప్రయాణం చేసే ఆలస్యానికే పోతాయి అని చదివితే, "గేదె అంత దూరం నుంచి కబురు పెట్టి రాదు కదమ్మా" అన్నారు. రైల్వే గేటు దగ్గర మాత్రం నవ్వలేదు. స్కూల్ బస్సు పట్టాలకి 15 అడుగులకీ 50 అడుగులకీ మధ్య ఆగి, పిల్లల్ని మాట్లాడొద్దని చెప్పి, తలుపు తెరిచి వినాలి. "కాపలా లేని గేటు దగ్గర మా కండక్టరు దిగి అటూ ఇటూ చూసి చెయ్యి ఊపేవాడు. నీకెవరున్నారమ్మా?" అని అడిగారు. నేనేం చెప్తాను.

ఇప్పుడు అసలు గొడవ. పెద్ద వాలు దిగేటప్పుడు ఏ గేరు అని ప్రశ్న. ఇక్కడి స్కూల్ బస్సులకి గేర్లు వాటంతటవే పడతాయిలే, అయినా పరీక్షలో అడుగుతారు. మామగారు ఆలోచించనే లేదు. "ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. రాసుకో." నాకు నోరు ఊరుకోదు కదా. "అది పాత బండ్ల లెక్కంట మామగారూ. ఇప్పటి వాటికి ఇంకా కింది గేరు కావాల్సి రావచ్చని ఉంది" అన్నాను. ఆయన కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకున్నారు. "శ్రీశైలం నుంచి దోర్నాలకి ఎన్ని వానల్లో దిగానో ఆ పుస్తకం రాసినవాడికి తెలుసా?" అని మేడమీదికి వెళ్ళిపోయారు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నారు. నాకు ఒకటే టెన్షన్. పరీక్ష సంగతి దేవుడెరుగు, పెద్దాయన్ని నొప్పించానే అని.

మా ఆయన హాల్లో లాప్‌టాప్ ముందే ఉన్నాడు. ఏమీ పట్టనట్టు కూర్చున్నాడనుకున్నాను. లేచి వచ్చాడు, కుర్చీ లాక్కున్నాడు, పుస్తకం ఇలా ఇమ్మన్నాడు. ఆ పేజీ రెండుసార్లు చదివి, మెట్ల కిందికి వెళ్ళి "నాన్నా" అని పిలిచాడు. "మన బండి ఎక్కేటప్పుడే రెండో గేరులో మూలిగేది. దిగడానికి అదే సరిపోయేది. వీళ్ళ ఇంజన్లకి బలం ఎక్కువ, పెద్ద గేరులోనే ఎక్కేస్తాయి. అదే గేరులో దిగితే పట్టు చాలదు. నువ్వు చెప్పింది తప్పు కాదు, బండి మారింది."

నేను ఈయన మొహం చూస్తూ ఉండిపోయాను. ఈయనకి ఘాటు రోడ్డు గేర్లు ఎలా తెలుసు? "సెలవుల్లో బోనెట్ మీద కూర్చుని వెళ్ళేవాణ్ణి. కాలుతుందని గోనెసంచి మడిచి వేసేవారు" అన్నాడు, నాతో కాదు, పుస్తకంతో.

పైనుంచి గొంతు వచ్చింది. "గోనెసంచి కాదురా. నా కాకీ చొక్కా."

ఇన్నేళ్ళ కాపురంలో నాకీ ముక్క తెలియదే! ఇక చూడు, పెద్దాయన కిందికి దిగారు, ఇద్దరూ ఏ మలుపు దగ్గర ఏ బండి ఆగిపోయింది, ఏ వానకి ఎక్కడ కొండరాయి జారింది, నేనొకదాన్ని ఉన్నానన్న సంగతే లేదు. మధ్యలో దూరి అడిగితే చెప్పారు. బ్రేకు తొక్కిపెట్టి ఉంచకూడదు, వేడెక్కి పట్టు పోతుంది. 40 మైళ్ళు మన హద్దు అనుకుంటే, 40కి రాగానే గట్టిగా తొక్కి 35కి దించి వదిలెయ్యాలి, మళ్ళీ 40 అయితే మళ్ళీ. పుస్తకమూ సరిగ్గా అదే అంది. మామగారు "చూశావా" అన్నట్టు నా వైపు చూశారు. పులుసు మూడుసార్లు వేడిచేశాను.

అలాగని మా ఆయన మారిపోయాడనుకోకు. పొద్దున్నే "ముందు పాసవ్వు, అప్పటిదాకా ఎవరికీ చెప్పకు" అన్నాడు. నీకు చెప్పడం లెక్కలోకి రాదు. కానీ నాకేమనిపిస్తుందంటే, ఆయన నా గురించి కాదు, అసలు వాళ్ళ నాన్న గురించి... సరే, అది వేరే ఉత్తరం.

స్కూల్ బస్సు చాప్టరు ఇంకా సగం ఉంది. ప్రతి ట్రిప్పు చివరా వెనక సీటు దాకా నడిచి ఎవరైనా పిల్లలు నిద్రపోయారేమో చూడాలి. బస్సుకి ముందు ముప్పై అడుగుల దాకా, పక్కలా వెనకా పది అడుగుల దాకా ప్రమాదం, దిగిన పిల్లల్లో ఒక్కరు లెక్క తేలకపోయినా బండి ఆపి, తాళంచెవి తీసుకుని, దిగి కిందికి వంగి చూడాలి. ఇది మాత్రం బట్టీ కొట్టడం లేదు, చదువుతుంటేనే చేతులు చల్లబడుతున్నాయి.

పరీక్ష గురువారం. ఇదిగో, మెట్ల దగ్గరే నిలబడి "అమ్మాయ్, ముందు ట్యాంకా వెనక ట్యాంకా" అని కేకేస్తున్నారు. వెళ్ళకపోతే పైకే వచ్చేస్తారు. నువ్వు సుబ్బులు పెళ్ళి సంగతి సగంలో ఆపావు, ఆ అబ్బాయి చివరికి ఒప్పుకున్నాడా లేదా, వెంటనే రాయి, నేను పాసయ్యానో లేదో అప్పుడే

వస్తున్నా మామగారూ అన్నాను. ఉంటానే.

నీ రమ