ఇమ్యునోథెరపీలో విరేచనాలు తేలిగ్గా తీసుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

'ఇమ్యునోథెరపీకి సైడ్ ఎఫెక్టులు ఉండవు, జుట్టు ఊడదు' అన్న మాట క్యాన్సర్ రోగుల మధ్య బాగా తిరుగుతోంది. జుట్టు సంగతి చాలామటుకు నిజమే. చిక్కంతా మొదటి మాటతోనే. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ వంటి మందులు క్యాన్సర్ కణాన్ని నేరుగా చంపవు. రోగనిరోధక టి కణాలకు ఉండే పీడీ-1 అనే బ్రేకును తీసేస్తాయి. బ్రేకు పోయిన కణాలు కణితి దగ్గరే ఆగవు. పేగులు, ఊపిరితిత్తులు, కాలేయం, థైరాయిడ్, అరుదుగా గుండె, దేని మీదైనా పడొచ్చు.

ఎక్కువగా పొరపాటు జరిగేది విరేచనాల దగ్గర. తిన్నది పడలేదనుకుని విరేచనాలు ఆపే లోపరమైడ్, యాంటీబయాటిక్ ఇచ్చి పంపేస్తారు. ఇన్ఫెక్షన్ ఉందేమో మలపరీక్ష చేయాల్సిందే. అయితే మామూలు కంటే రోజుకు నాలుగుసార్లు ఎక్కువైనా, రక్తం పడినా పేగువాపును అనుమానించాలి. ఏడుసార్లు ఎక్కువైతే ఆసుపత్రిలో చేర్చాలి. దీనికి మందు స్టెరాయిడ్. ప్రెడ్నిసొలోన్ కిలో బరువుకు రోజుకు 1 మి.గ్రా., తీవ్రమైతే 2 మి.గ్రా. వరకు ఇస్తారు. 3-5 రోజుల్లో లొంగకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇస్తారు. కీళ్లవాతానికి వాడేదీ ఇదే. దానికి ముందు టీబీ, హెపటైటిస్-బి పరీక్షలు కావాలి కాబట్టి వాటిని మొదటిరోజే పంపితే సమయం కలిసొస్తుంది. తగ్గింది కదా అని వారంలో స్టెరాయిడ్ ఆపితే జబ్బు తిరగబెడుతుంది. 4-6 వారాలపాటు మెల్లగా దించాలి.

పొడిదగ్గు, ఆయాసం ఉంటే ఎక్స్‌రే బాగుందని ఊరుకోకుండా సీటీ తీయాలి. విపరీతమైన నీరసానికి థైరాయిడ్ పరీక్ష అయిన టీఎస్‌హెచ్‌తో పాటు ఉదయపు కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథుల హార్మోన్) కూడా చూడాలి. రెండూ దెబ్బతిన్నవారికి ముందు కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర. ఈ వరస తప్పితే ప్రాణం మీదికొస్తుంది.

ముదిరిన తల, మెడ క్యాన్సర్‌లో నోటిమాత్రల కీమోకు మూడు వారాలకోసారి 20 మి.గ్రా. నివోలుమాబ్ మాత్రమే కలిపి ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు పరీక్షించారు. ఏడాది బతికినవారు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. గుట్కా నోటిక్యాన్సర్లు ఇన్ని ఉన్న మనకు ఇది పెద్ద కబురే. కానీ డోసు తక్కువని నిఘా తగ్గించకూడదు.

చివరి ఇంజెక్షన్ అయిన నెలల తర్వాత కూడా ఈ సైడ్ ఎఫెక్టులు రావచ్చు. అందుకే రోగి జేబులో తెలుగు కార్డు ఉండాలి: మందు పేరు, చివరి డోసు తేదీ, అర్ధరాత్రయినా ఎత్తే ఫోన్ నంబరు. ఇప్పుడు చాలా డిశ్చార్జి కాగితాల మీద ఉండేది ఓపీ నంబరొక్కటే.

- కొందరు క్యాన్సర్ వైద్యులు, గుంటూరు