డిప్రెషన్ మందులు పని మొదలుపెట్టక ముందే మానేస్తున్నారు

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో డిప్రెషన్ మీద అరపేజీ వేశారు, చదివాను, మంచి పని చేశారు. కానీ అందులో పొద్దున్నే నడవండి, యోగా చెయ్యండి, పాజిటివ్‌గా ఆలోచించండి అని పేజీ అంతా రాసి చివర్లో ఒక్క లైన్లో అవసరమైతే డాక్టర్ని కలవండి అని వదిలేశారు. లేచి మొహం కడుక్కోడానికే ఓపిక లేని మనిషిని పాజిటివ్‌గా ఆలోచించమంటే ఏం ఆలోచిస్తాడండి. నేను తెనాలి దగ్గర మెడికల్ షాపు నడుపుతాను, ఫార్మసిస్టుని, డాక్టర్ని కాదు. కౌంటర్ దగ్గర రోజూ చూస్తున్నదే రాస్తున్నా, దయచేసి వెయ్యండి.

మా వైపు డిప్రెషన్ అని చెప్పుకుంటూ ఎవరూ రారు. నీరసం అంటారు, గ్యాస్ అంటారు, గుండెల్లో బరువుగా ఉందంటారు, తెల్లారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది ఇక నిద్ర పట్టదు అంటారు. ఆర్‌ఎంపీ దగ్గరికెళ్తే ఒక సెలైన్, అందులో బీకాంప్లెక్స్, రెండ్రోజులు బానే ఉన్నట్టుంటుంది మళ్ళీ మామూలే. తర్వాత ఈసీజీ, ఎండోస్కోపీ, అప్పు చేసి మరీ చేయించుకుంటారు, అన్నీ నార్మల్ అని వచ్చేసరికి ఇంట్లోవాళ్ళు నీకేం లేదు, ఊరికే ఎక్కువ ఆలోచిస్తున్నావ్ అని తేల్చేస్తారు. రెండు వారాలకి పైగా రోజూ దిగులుగా ఉండి, ఇంతకుముందు ఇష్టంగా చేసిన పని మీద కూడా మనసు పోక, నిద్ర ఆకలి తప్పి, నేనెందుకూ పనికిరాను అనే ఆలోచన వదలకపోతే అది జబ్బు కిందే లెక్క. థైరాయిడ్ తక్కువైనా, బీ12 తక్కువైనా ఇంచుమించు ఇలాగే ఉంటుంది కాబట్టి డాక్టర్లు ముందు రక్తపరీక్ష రాస్తారు, దానికి విసుక్కోకూడదు.

సరే, ఎలాగో గుంటూరో విజయవాడో వెళ్ళి సైకియాట్రిస్టుకి చూపించుకున్నారు అనుకోండి, అసలు చిక్కు అక్కడే మొదలు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూయోక్సెటిన్ లాంటివి రాస్తారు. ఇవి గుణం చూపించడం మొదలవ్వడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, బాగా తెలియాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు. వికారం, తలనొప్పి, కాస్త కంగారు మాత్రం మొదటి వారంలోనే వచ్చేస్తాయి, చాలామందికి వాటంతటవే తగ్గిపోతాయి. అంటే ఇబ్బంది ముందొస్తుంది, గుణం తర్వాతొస్తుంది. ఈ ఒక్క ముక్క కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు లేక మందు పనిచేసే లోపే మానేస్తున్నారు, పైగా ఆ మందు మనకి పడలేదు అని జీవితాంతం చెప్పుకుంటారు.

పోయినేడు వరికోతల టైంలో ఒక పెద్దాయన సగం వాడిన స్ట్రిప్ తెచ్చి కౌంటర్ మీద పెట్టి, ఇది వెనక్కి తీసుకుంటావా అబ్బాయ్, మీ పిన్నికి కడుపులో తిప్పడం తప్ప ఏం గుణం లేదు, మా బావమరిదేమో ఇవి మత్తుబిళ్ళలు అలవాటైపోతాయి అంటున్నాడు అన్నాడు. చూస్తే వారం కూడా వాడలేదు. బాబాయ్, ఇవి మత్తుబిళ్ళలు కాదు, ఒక్కసారి డాక్టర్ గారితో మాట్లాడు అని నేనే ఫోన్ కలిపి ఇచ్చాను, ఆయన డోసు సగం చేసి అన్నం తిన్నాక వేసుకోమన్నారు. తర్వాత నెలన్నరకి పిన్నిగారే మందుకి వచ్చారు, చిల్లర లేదని చాక్లెట్ ఇవ్వబోతే నాకొద్దు రూపాయిలే ఇవ్వు అని అడిగి మరీ తీసుకెళ్ళారు. అంతకుముందు ఆవిడ తలెత్తి మాట్లాడింది నేను చూళ్ళేదు.

అలవాటు పడే బిళ్ళలు వేరే ఉన్నాయి, ఆల్ప్రాజోలం లాంటివి. అది 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లో ఉంది, చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చింది రిజిస్టర్లో రాయాలి. అయినా జనం నిద్రబిళ్ళ ఇవ్వండి అని దానికోసమే వస్తారు, డిప్రెషన్ మందంటే మాత్రం భయపడతారు, ఇదెంత తలకిందులో చూడండి. ఇంకోటి, బాగయ్యాక కూడా డాక్టర్లు మామూలుగా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడమంటారు, తగ్గించేటప్పుడు మెల్లగా తగ్గిస్తారు, బానే ఉన్నాను కదా అని ఠక్కున ఆపేస్తే తల తిరగడం, చిరాకు, జబ్బు తిరగబెట్టడం ఉంటాయి. అలాగే పక్కింటావిడకి పనిచేసిందని మీరు కొనుక్కోకండి, బైపోలార్ (కొన్నాళ్ళు దిగులు, కొన్నాళ్ళు పట్టలేని హుషారు వచ్చే జబ్బు) ఉన్నవాళ్ళకి ఇవి ఒక్కటే వాడితే ఇంకోరకంగా వికటించొచ్చు. పాతికేళ్ళ లోపు పిల్లలు మొదలుపెడితే మొదటి వారాల్లో ఇంట్లోవాళ్ళు కనిపెట్టుకుని ఉండాలి, చచ్చిపోవాలనుంది అన్నమాట వస్తే ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

అందరికీ మందే కావాలని కూడా కాదు. జబ్బు తేలిగ్గా ఉన్నవాళ్ళకి కౌన్సెలింగ్‌తోనే తగ్గుతుంది, కానీ మండలాల్లో సైకాలజిస్టు ఎక్కడున్నారు? గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం మామూలు మనుషులకి ట్రైనింగ్ ఇచ్చి పీహెచ్‌సీల్లో ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడిస్తే తీవ్రంగా ఉన్నవాళ్ళకి కూడా గుణం కనిపించిందని 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మన దగ్గర ఏఎన్ఎమ్‌లు, ఆశాలు ఇంటింటికీ తిరిగి బీపీ షుగర్ చూస్తున్నారు కదా, మందు వేసుకుంటున్నావా, మూడో వారం వచ్చిందా, నిద్ర పడుతోందా అని అడగడం కూడా వాళ్ళకి నేర్పిస్తే చాలా మార్పొస్తుంది. 2015-16లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 12 రాష్ట్రాల్లో సర్వే చేస్తే డిప్రెషన్ ఉన్నవాళ్ళలో నూటికి 85 మందికి వైద్యమే అందట్లేదని తేలింది, ఆ లిస్టులో ఆంధ్రా తెలంగాణ లేనే లేవు. డాక్టర్ దాకా వెళ్ళే ఆ కొద్దిమందిని కూడా రెండో వారంలో పోగొట్టుకుంటే ఎలాగండి.

మందు దొరక్కపోవడం కాదు సమస్య, జన ఔషధిలో చవగ్గానే ఉంటాయి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం ఇన్సూరెన్స్ కంపెనీలు మిగతా జబ్బులతో సమానంగా వీటికీ కవరేజి ఇవ్వాలి, అదీ చాలామందికి తెలీదు. మనసు బాగోలేనివాళ్ళు ఫోన్ చేసి మాట్లాడ్డానికి ప్రభుత్వం పెట్టిన 14416 టెలీమానస్ నంబర్ 2022 అక్టోబర్ నుంచి ఉంది, ఇరవైనాలుగ్గంటలూ ఫ్రీ, తెలుగులో మాట్లాడొచ్చు. మా షాపులో స్ట్రిప్ పెట్టిచ్చే కవర్ మీద ఆ నంబర్ స్టాంపు వేసి, కింద రెండు నెలలు వాడి చూడండి, డాక్టర్ని అడక్కుండా మానొద్దు అని రాసి ఇస్తున్నాం, మిగతా షాపుల వాళ్ళు కూడా చేస్తే బావుంటుంది.

మిమ్మల్ని అడిగేది రెండు. ఈసారి హెల్త్ పేజీలో ఒక సైకియాట్రిస్టు చేత ఈ మందులు ఎన్నాళ్ళకి పనిచేస్తాయి, ఎందుకు మధ్యలో మానకూడదు అన్నదొక్కటే వివరంగా రాయించండి. రెండోది, జిల్లా పేజీలో మనస్తాపంతో ఆత్మహత్య అని ఫొటోతో సహా వేస్తున్నారు, అలా కారణం తేల్చేసి రాయడం, ఎలా చనిపోయిందీ వర్ణించడం ఆపండి. ప్రెస్ కౌన్సిల్ 2019లోనే దీనికి రూల్స్ తీసుకొచ్చింది. 14416 నంబర్ కూడా ఆ వార్త కిందే వెయ్యండి, ఎక్కడో ఎడిషన్ చివర కాదు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఫార్మసిస్టు,
తెనాలి మండలం