కుడి చెవి సంగతి

ఒరేయ్ సత్తీ,

మూడు నెలలైంది రాసి, తిట్టుకో. ఇక్కడ అందరూ బానే ఉన్నారు. అమ్మ మోకాలు అలాగే ఉంది, ఇంటి లోను ఇంకా తేలలేదు. అవన్నీ ఫోన్లో చెప్తా. ఇది మాత్రం ఫోన్లో చెప్పేది కాదు.

మన వడ్రంగి తాత గుర్తున్నాడా? అదే, ఆయన కుడి పక్కన చేరి మనం "తాతా, నీ మీసం మీద..." సరే, ఆయనే. ఇప్పుడు గాజువాకలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. మొన్న నేవీ విన్యాసాలు చూపిద్దామని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లా. మొదటి పేలుడు ధన్‌మంది. జనమంతా చెవులు మూసుకుంటే తాత నోరు బార్లా తెరిచాడు! పక్షవాతమేమోనని నాకు టెన్షన్. "నోరు తెరూ ఎదవా, సెవి పోద్ది" అని నన్నే కసిరాడు.

ఇక ఇసకలోనే కూచుని మొదలెట్టాడు. మనకి 1971 యుద్ధం అంటే పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ మునగడం, బీచ్‌లో ఆ స్తూపం, అంతే కదా. ఈయన అప్పుడు బెంగాల్ సరిహద్దులో ఫిరంగి దగ్గరున్నాడట! చోడవరం పక్క ఊళ్లో నాగళ్లు చెక్కుకునే కుర్రాడు, చైనా యుద్ధం అయ్యాక పట్టాళంలో చేరాడు. గోల్కొండలో ట్రైనింగ్. 25 పౌండర్ గన్ను, గుండు 11 కిలోల పైమాటే, గన్నుకి ఆరుగురు. ఈయన గురి కట్టేవాడు.

"శత్రువు కనపడేవాడా?" అంటే నవ్వాడు. పాతిన గెడ వైపు గురి చూసి, ముందెక్కడో ఉన్న ఆఫీసరు వైర్లెస్‌లో చెప్పిన అంకెలకి తిప్పడమేనట. "అందులోనూ రసమట్టమే రా! బుడగ మధ్యకి తేవాల. గుమ్మం నిలబెట్టినట్టే." బురదలో చక్రం దిగితే చీలిక చెక్కడానికీ ఈయన్నే పిలిచేవారట.

ఎంత దూరం పోతుందంటే, పల్లీలు నములుతూ, "పన్నెండు కిలోమీటర్లు. ఇక్కడెడితే మా ఇంటి మీద పడద్ది" అన్నాడు. ఎక్కడ పడిందో ఏనాడూ చూళ్లేదట. అక్కడ కాసేపు ఆగిపోయాడు. నేనూ అడగలేదు.

గురి కట్టేవాడు గన్నుకి ఎడం పక్కన కూచుంటాడు. అంటే గొట్టం వైపు కుడి చెవి. అర్థమైందా? మనం ఆ చెవి దగ్గరే కదరా...

ఏదో అనబోయా. ఆయనే, "నువ్వూ ఆ సత్తిగాడూ ఏటనీవోరో నాకు తెల్దేటి? సెవి పోనాది గానీ కళ్లు పోలేదు కదా. మీ మూతులు సూసీవోణ్ణి" అన్నాడు. అన్నీ తెలుసురా! మామిడికాయల సంగతితో సహా. సంక్రాంతికి నిన్ను వెంటబెట్టుకు రమ్మన్నాడు, ఉలి ఒకటి బాకీ ఉన్నావట, నాకెప్పుడూ చెప్పలేదే...

పిల్ల ట్యూషన్ వదిలే టైమైంది, ఉంటా.

నీ
చిన్నా