మూగజీవాల సంరక్షణ నిధి: 2024–25 జమా ఖర్చుల వివరణ

ఒడిశాలోని పర్లాకిమిడి పట్టణంలోను, ఆంధ్ర సరిహద్దుకు ఆవలనున్న పాతపట్నంలోను మా కమిటీకి చందాలిచ్చిన వారందరికీ 2024 ఏప్రిల్ 1 నుండి 2025 మార్చి 31 వరకు జరిగిన జమా ఖర్చులను ఇందుమూలంగా తెలియజేస్తున్నాము.

గత సంవత్సరపు నిల్వ రూ. 6,350, పర్లాకిమిడి దాతల చందాలు రూ. 1,12,400, పాతపట్నం వర్తకుల చందాలు రూ. 38,000 కలిపి మొత్తం జమ రూ. 1,56,750. రైతులు తెచ్చి ఇచ్చిన ఎండుగడ్డికి వెల కట్టి జమలో చూపలేదు. మాకు 80జి గుర్తింపు లేనందున చందాలకు ఆదాయపు పన్ను మినహాయింపు వర్తించదు. ఈ మాట ప్రతి రసీదు మీద ముద్రించాము.

ఖర్చులో పెద్ద పద్దు వైద్యానిది, రూ. 61,200. బండ్ల కింద పడి కాళ్లు విరిగిన కుక్కలకు, పురుగు పట్టిన పుండ్లతో దొరికిన ఆవులకు వారాల తరబడి కట్లు మార్చవలసి రావడంతో మందులు, సెలైను, దూది బయట కొనవలసి వచ్చింది. మేతకు, తిండికి రూ. 34,600, రేకుల షెడ్డుకు రూ. 21,000, ఆటో కిరాయిలకు రూ. 17,850, రసీదు పుస్తకాలకు, బ్యాంకు రుసుములకు రూ. 1,150 అయ్యాయి. కార్యకర్తలకు ముందస్తుగా వేయించిన రేబిస్ టీకాలకు రూ. 4,400 అయింది. జంతువుల సొమ్ము మనుషులకు వాడారని ఒక దాత ఆక్షేపించారు గాని, టీకా లేని మనిషిని గాయపడిన కుక్క దగ్గరకు పంపడం కమిటీకి సమ్మతం కాదు.

మొత్తం ఖర్చు రూ. 1,40,200 పోగా నిల్వ రూ. 16,550. ఇందులో రూ. 9,000 వీధికుక్కల కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలకే వాడాలని ఇచ్చినది. 2023 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం జంతు సంక్షేమ మండలి గుర్తింపు పొందిన సంస్థే ఆ పని చేయాలి గనుక, అటువంటి సంస్థ ఇక్కడికి వచ్చేవరకు దానిని ముట్టుకోము. దాతలు కోరితే తిరిగి ఇస్తాము.

నెత్తురోడుతున్న జంతువుల ఫోటోలు వాట్సాప్‌లో పెడితే చందాలు రెట్టింపవుతాయని కొందరు శ్రేయోభిలాషులు సూచించారు. అది నిజమే కావచ్చు. అయితే ముందు ఫోటో, తరువాత చికిత్స అనే అలవాటు ఒకసారి పడితే, ఎక్కువ జాలి పుట్టించే జంతువుకే మందు అందుతుంది, ముసలి ఎద్దు వైపు ఎవరూ చూడరు. కనుక చికిత్స మొదలైన తరువాత తీసిన ఫోటోలనే పంచుకుంటున్నాము. షెడ్డు నిండినప్పుడు కొత్త జంతువును చేర్చుకోలేమని చెప్పడానికీ కారణం ఉంది. చోటు లేకుండా కుక్కితే అంటురోగాలు ప్రబలి, ఉన్నవి కూడా దక్కవు.

రసీదులు, బిల్లులు, బ్యాంకు పాసుపుస్తకం ప్రతి ఆదివారం ఉదయం షెడ్డు వద్ద ఉంటాయి. చందా ఇచ్చినవారు, ఇవ్వనివారు ఎవరైనా వచ్చి పరిశీలించవచ్చును.